40 ముక్కలు – 64 కిలోబైట్లు

ఇటలీ దేశమున ‘స్కోపా’ అను పేకాట కలదు. ఆ మాటకు చీపురని అర్థము. బల్లమీది ముక్కల నన్నింటిని ఒక్క ముక్కతో ఊడ్చుకొని పోవుటయే అందు గొప్ప ఎత్తు గనుక ఆ పేరు వచ్చినది. దీనిని పుస్తకము చూచి నేర్చినవారికంటె పెద్దల ప్రక్కన కూర్చుండి నేర్చినవారే ఎక్కువ. ఇట్టి ఆటను 1982లో వెలువడిన కమొడోర్ 64 అను గృహ కంప్యూటరుపై తిరిగి నిర్మించుట పైకి వట్టి కాలక్షేపముగ తోచును. కాని ఆ పనికి పూనుకొనిన వానికి మొదట తెలియవచ్చునది వేరు: తా నెరిగిన దనుకొన్న ఆట తనకు పూర్తిగ తెలియదు.

ఇటలీ పేకలో 40 ముక్కలే. గిన్నెలు, నాణెములు, కత్తులు, దుడ్డుకర్రలు అని నాలుగు జాతులు. ప్రతి జాతియందు ఒకటి మొదలు ఏడు వరకు అంకెముక్కలు, ఆపైన భటుడు, రౌతు, రాజు. వీరి విలువలు 8, 9, 10. రాణి లేదు. ఈ జాతులు ఈజిప్టు నేలిన మామ్లూకుల పేకనుండి 14వ శతాబ్దమున యూరపునకు వచ్చెనని పండితుల అభిప్రాయము. ఫ్లారెన్సు నగరము 1377లోనే పేకాటపై ఆంక్ష విధించినది.

ఆట ఇట్లుండును. ఇద్దరాడునపుడు ఒక్కొక్కరికి మూడు ముక్కలు పంచి, నాలుగింటిని బల్లపై తెరచి పరచెదరు. చేతిలోని ముక్కతో సమానమైన ముక్కను గాని, కూడిక ఆ విలువకు సరిపోవు ముక్కలను గాని ఎత్తుకొనవచ్చును. చేతి ముక్కలు అయిపోయిన పిమ్మట మరల మూడేసి పంచెదరు. ఆరు పంపకములతో పేక ముగియును. ఎక్కువ ముక్కలు, ఎక్కువ నాణెములు, నాణెముల ఏడు, ‘ప్రిమియేరా’ అను లెక్క – వీనికి ఒక్కొక్క పాయింటు. ప్రతి ఊడ్పునకు మరియొకటి. సాధారణముగ 11 పాయింట్లకు ఆట.

ఇంత చెప్పినచో మనుష్యునకు చాలును, యంత్రమునకు చాలదు. బల్లపై ఏడు ఉండగా ఏడు వేసినవాడు మూడును నాలుగును ఎత్తవచ్చునా? ఎత్తరాదు, సమానమైన ముక్కనే తీయవలెను. చిట్టచివరి ముక్కతో బల్ల ఖాళీయైన అది ఊడ్పగునా? కాదు. మొదట పరచిన నాలుగింటిలో మూడు రాజులు వచ్చిన ఏమి చేయవలెను? మరల పంచవలెను. ప్రిమియేరా లెక్కలో ఏడుకు 21, ఆరుకు 18, ఒకటికి 16, అయిదుకు 15 – ఇట్లు వేరు విలువలు కలవు. ఏడులు ఎవరికి ఎక్కువయని చూచి సరిపెట్టుకొను ఆటగాళ్లు కలరు. యంత్రమునకు సరిపెట్టుకొనుట తెలియదు. ప్రతి ప్రశ్నకును జవాబు వ్రాసి యీయవలసినదే.

ఎత్తదగిన ముక్కలను వెదకుట చక్కని గణితము. బల్లపై 1, 2, 4, 6 ఉన్నవనుకొందము. చేతిలోని ఏడుతో 1, 6 తీయవచ్చును. 1, 2, 4 తీయవచ్చును. నాలుగు ముక్కలతో ఏర్పడు గుంపులు 15, ఎనిమిదింటితో 255. ఒక బైటులో ఎనిమిది బిట్లు కలవు. ఒక్కొక్క బిట్టును ఒక్కొక్క ముక్కకు గుర్తుగ పెట్టుకొని 1 నుండి 255 వరకు లెక్కించినచో ప్రతి గుంపును ఒక్కమారు తప్పక ఎదుటికి వచ్చును. ముక్కలు ఎనిమిదికి మించిన రెండవ బైటు తోడు కావలెను.

చిత్రముల చిక్కు వేరు. ఈ యంత్రమున ఒక అక్షరసమితికి 256 గుర్తులే. ఒక్కొక్కటి ఎనిమిదింట ఎనిమిది చుక్కల గడి. ముక్కకు 24 గడులు కేటాయించిన 40 ముక్కలకు 960 గడులు కావలెను. అంకెముక్కల మాట సులువు. ఒక నాణెమును గీచి ఏడుమార్లు వాడవచ్చును. భటులు, రౌతులు, రాజులు పన్నెండుగురికే 288 గడులు పట్టును. కనుక ఒకరి అంగీని మరియొకరికి తొడుగక తప్పదు. అయినను కొన్ని విడువరాదు. నేపుల్సు పేకలో దుడ్డుకర్రల మూడుపై పెద్ద మీసముల ముఖ మొకటి యుండును. ఆ పేకపై అంకెలు ముద్రింపరు. ఆటగాడు రూపము చూచియే ముక్కను గుర్తించును. స్థలము చాలదని ఆ మీసములను తీసివేసినచో నేపుల్సువాసికి అది తన పేకగ తోచదు.

అన్నిటికంటె కఠినమైనది న్యాయము. ముక్కలన్నియు యంత్రపు జ్ఞాపకములోనే యుండును. ఎదుటివాని చేతిలోనికి తొంగిచూచుట దానికి ఆలోచించుటకంటె సులభము. చూడనీయకుండ కట్టడి చేయవలసినవాడు ప్రోగ్రాము వ్రాయువాడే. అతడు చేయకున్నను ఎవరికిని తెలియదు. గెలుపు మాత్రము దొంగ గెలుపగును. పడిన ముక్కలను గుర్తుంచుకొనుట దోషము కాదు. నేర్పరి చేయునదియు అదియే. బల్లపై మొత్తము పదికి మించునట్లు విడిచినచో ఎదుటివాడు ఊడ్వజాలడను పాత సూత్రమును యంత్రమునకు నేర్పవచ్చును. అట్లు నేర్పిన ఎత్తుగడతో ఒకప్పుడు అది ఓడినను, ఆ ఓటమి ధర్మమైనది.

ఊడ్పు చేసినవాడు తన దొంతరలో ఆ ముక్కను ముఖము పైకి త్రిప్పి యుంచుట వాడుక. దానిని తెరపై చూపుటకు కొద్ది బైట్లు చాలును. ముక్కను బల్లపై చప్పుడుగ కొట్టుట, తప్పెత్తిన మనుమని చేతిని తాత పట్టుకొనుట ఏ బైటులోను ఇమడవు. కాని ఆ తాత నోటిమాటగ చెప్పిన నియమములు మాత్రము సందేహమునకు తావులేని రూపమున నిలుచును. బాలునకు ఒక పాఠము వచ్చినదో లేదో తెలియవలెనన్న, దానిని ఏమియు తెలియనివానికి చెప్పుమని అడుగుట ఉపాధ్యాయు లెరిగిన పద్ధతి. ఈ పాతయంత్రము అట్టి విద్యార్థి. ఊహించుకొనదు, తల యూపదు, చెప్పినంతవరకే నేర్చును.