నేల తలుపు తీసే వేళ

ఎండాకాలం వెళ్లిపోవడం మీద నేను రాసుకున్న కవితలో మబ్బు లేదు, ఉరుము లేదు, చినుకు కూడా లేదు. 'ఎండను ఎవరూ సాగనంపలేదు, నేలే తలుపు తీసింది' అని మొదలవుతుంది. చదివిన స్నేహితులు వాన ఏదీ అని అడిగారు. పాలమూరు చెలకల్లో పెరిగినవాళ్లకు వేసవి ముగిసిందన్న కబురు ఆకాశం కంటే ముందు మట్టే చెబుతుంది. అందుకే ఆ కవితంతా నేల వైపు వంగి రాశాను.

మే నెలాఖరున రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. చెలక పెచ్చులు లేస్తుంది, అడుగు పెడితే అరికాలు చుర్రుమంటుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తే ముంగిళ్లు చల్లబడతాయి. ఆ రోజుల్లో తొలకరి పడగానే గుండెల నిండా పీల్చుకునే మట్టి వాసనకు ముఖ్యమైన మూలం జియోస్మిన్. నేలలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. చినుకు తాకగానే మట్టి సందుల్లోని గాలి సన్నటి బుడగలై పైకి లేచి, పగిలి, తుంపరలుగా ఎగురుతుంది. 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు దీన్ని వేగవంతమైన కెమెరాలతో చిత్రీకరించి చూపారు. నన్ను ఇంకా కదిలించింది 2020లో వచ్చిన మరో పరిశోధన. మట్టిలో ఎగిరెగిరి దూకే స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న జీవులను ఈ వాసన రమ్మంటుందట. అవి వచ్చి ఆ బ్యాక్టీరియాను తింటాయి, దాని బీజాలను మోసుకెళ్లి మరోచోట వదులుతాయి. మనం పరవశించే ఆ పరిమళం కంటికి ఆనని రెండు ప్రాణుల మధ్య నడిచే పిలుపు!

వాన వెలిసిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. దీపం చుట్టూ తిరిగి, రెక్కలు రాల్చుకుని, జంటలుగా నేల మీద నడుచుకుంటూ కొత్త పుట్టకు చోటు వెతుక్కుంటాయి. వాటిలో గమ్యం చేరేవి బహు కొద్ది. కప్పలకు, బల్లులకు, పిట్టలకు ఆ పూట విందే.

ఆ విందుకు వచ్చే మరో అతిథి ఆరుద్ర పురుగు. నా కవితలో సగం దానిదే. ఎర్రటి మఖమలు గుడ్డను ముక్కలుగా కత్తిరించి, దూది కూరి కుట్టినట్టు ఉంటుంది. సెంటీమీటరు పొడవు, ఒక్కోటి అంతకు కాస్త ఎక్కువ. దగ్గరగా వంగి చూస్తే వీపు మీద మెత్తటి సొట్టలు, ఒత్తుగా పొట్టి నూగు కనిపిస్తాయి. కాళ్లు ఎనిమిది, అంటే ఇది సాలీడుకు చుట్టం. ముందరి కాళ్లను కాస్త ఎత్తి దారి తడుముకుంటూ పోతుంది. వేలితో తాకితే కాళ్లన్నీ ముడుచుకుని కదలక మెదలక పడి ఉంటుంది. కాసేపు ఓపిక పట్టాలి. ముందు ఒక కాలు, తర్వాత మరొకటి చాపి, మళ్లీ బయలుదేరుతుంది. ఆ ఎరుపు దాచుకోవడానికి కాదు, నన్ను తినొద్దని శత్రువులకు చెప్పడానికి. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, తొలి వానలకు బయటికొచ్చి, ఉసిళ్లను తిని, జతకట్టి, మళ్లీ మట్టిలోకి దిగిపోతుంది. దాని పిల్లలు పుట్టిన కొత్తలో మిడతల్లాంటి పురుగుల ఒంటిని పట్టుకుని పెరుగుతాయి. ఇన్ని నెలల నిరీక్షణ, ఇంత కొద్దిపాటి వెలుగు! దీనికంటే గొప్ప కవిత నేను రాయలేను.

నీటిగుంట దగ్గర మరో రంగు. మిగతా ఏడాదంతా మట్టిరంగులో ఉండే పెద్ద గోదురుకప్పల్లో మగవి ఆ కొద్ది రోజులూ పసుపుపచ్చగా మారిపోతాయి. గొంతు పక్కన నీలి సంచులు ఉబ్బించి రాత్రంతా బెకబెకమంటాయి.

ఆరుద్ర పురుగులను నూనె కోసం ఏరి అమ్మేవాళ్లున్నారు. ఆ సంగతి తలచుకుంటే ప్రాణం విలవిల్లాడుతుంది. అరచేతిలో కాసేపు నడిపించుకుని, ఎక్కడ తీశామో అక్కడే వదిలితే చాలదా? ఈసారి తొలివాన పడ్డ మర్నాడు పొద్దున్నే పిల్లల్ని చెలక గట్టుకు తీసుకెళ్లండి. ఎండ ముదిరిందంటే అవి మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతాయి.