నేరేడు పండు తినండి – మాత్ర మాత్రం మానకండి



తొలకరి జల్లులు పడేసరికి మన పల్లెల్లో చెరువు గట్ల మీద, వాగుల ఒడ్డున, రోడ్ల పక్కన నేరేడు చెట్ల కింద నేలంతా ఊదారంగుకు తిరుగుతుంది. జూన్, జూలై నెలల్లో బడి నుండి వచ్చే పిల్లల నాలుకలు చూస్తే చాలు, దారిలో ఏ చెట్టు దగ్గర ఆగారో తెలిసిపోతుంది. ఈ రోజుల్లోనే షుగరు వ్యాధిగ్రస్తులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, నేరేడు గింజల పొడి వాడుకుంటే బిళ్ళలు మానేయవచ్చునా?" మానకూడదు. ఎందుకు మానకూడదో, అసలు ఈ పండును ఎలా ఏరుకోవాలో, ఎలా వాడుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాము.

నేరేడు అంటే ఏమిటి?

నేరేడును ఇంగ్లీషులో కొందరు ఇండియన్ బ్లాక్‌బెర్రీ అంటారు. అయితే చలి దేశాల్లో కంచెల వెంట పెరిగే బ్లాక్‌బెర్రీ వేరు. అది గులాబీ కుటుంబానికి చెందిన ముళ్ళ పొద. మన నేరేడు పెద్ద చెట్టు. జామ, లవంగం, నీలగిరి చెట్లది, దీనిది ఒకటే కుటుంబం. అందుకే నేరేడు ఆకును నలిపితే ఘాటైన వాసన వస్తుంది. పండు కోలగా, లోపల ఒకే గింజతో ఉంటుంది. పెద్ద పండ్లు కాసే రకాన్ని అల్లనేరేడు అని, అడవిలో దొరికే చిన్న పండ్ల రకాన్ని చిట్టినేరేడు అని అంటాము. రెండూ తినదగినవే.

100 గ్రాముల పండ్లలో 80 గ్రాములకు పైగా నీరే ఉంటుంది. పిండి పదార్థాలు సుమారు 14 గ్రాములు, శక్తి సుమారు 60 కేలరీలు. కొంత విటమిన్ సి కూడా ఉంటుంది. ఊదారంగునిచ్చేవి ఆంథోసయనిన్లు అనే పదార్థాలు. నాలుక పట్టేసినట్టుండే వగరుకు కారణం టానిన్లు. పండ్ల మీద కాస్త ఉప్పు చల్లి కుదిపితే వగరు తగ్గినట్లనిపిస్తుంది. బి.పి. ఉన్నవారు మాత్రం ఆ ఉప్పు మానుకోవాలి.

ఏరుకునేటప్పుడు జాగ్రత్తలు

మొదటి మాట, చెట్టెక్కవద్దు. నేరేడు కొమ్మ పెళుసు. వానకు తడిస్తే జారుతుంది కూడా. చెట్టు కింద పాత చీరో దుప్పటో పరచి, దోటితో కొమ్మను కుదిపితే పండిన పండ్లన్నీ చితకకుండా రాలుతాయి. పైన కరెంటు తీగలు ఉన్నాయేమో ముందుగా చూసుకోండి. ఇనుప గొట్టం ఎన్నడూ వాడకండి.

ఎవరైనా చెట్టు మీద నుండి పడితే కంగారులో కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తవద్దు, లేపి కూర్చోబెట్టవద్దు. వెన్నుపూస విరిగి ఉంటే అలా కదిపినందువల్లనే కాళ్ళు చచ్చుబడవచ్చు. మనిషిని కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోను చేయండి. తప్పనిసరిగా కదపవలసి వస్తే నలుగురూ కలిసి మెడ, నడుము వంగకుండా చెక్క పలక మీదికి చేర్చండి.

చెట్టు కింద గడ్డి పెరిగి ఉంటే కర్రతో తట్టి, చెప్పులు వేసుకునే వెళ్ళండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా, కరిచిన కాలును కదలనివ్వక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పురుగుమందు కొట్టిన చేల గట్ల మీద, మురుగు కాలువల పక్కన రాలిన పండ్లు ఏరవద్దు. గబ్బిలాలు, ఉడతలు కొరికిన పండ్లు ఎంత తియ్యగా కనిపించినా పారవేయండి. 2018లో కేరళలో కోజికోడ్ ప్రాంతంలో పలువురి ప్రాణాలు తీసిన నీపా వైరస్ పండ్లు తినే గబ్బిలాలలో ఉంటుంది. భయపడమని కాదు గాని, కొరికిన పండు వదిలేయడం వల్ల మనకు పోయేదేమీ లేదు. తెచ్చిన పండ్లను మంచినీటితో రెండుసార్లు కడిగాకే పిల్లలకు ఇవ్వండి.

చెట్టు ఎవరిదైనా ఉంటే అడిగి ఏరుకోండి. అందరిదీ అయితే అందరికీ మిగల్చండి. రాలిన పండ్లను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టమని లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించిన సంగతి మనకు తెలిసినదే. బుట్టలో పెట్టుకుని అమ్ముకుని బ్రతికే అవ్వలకు కూడా ఆ చెట్టే ఆధారం.

పిల్లల విషయంలో

పండ్ల కోసం తిరిగే పిల్లలు పక్కనున్న కాయలు కూడా నోట్లో వేసుకుంటారు. అడవి ఆముదం గింజలు, ఎర్రని గురివింద గింజలు, ఉమ్మెత్త కాయలు, పచ్చగన్నేరు కాయలు విషపూరితమైనవి. వీటిని ముందుగానే పిల్లలకు చూపించి చెప్పండి. పిల్లవాడు తిన్నాడని తెలిస్తే వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు తాగించవద్దు. బాగానే ఆడుకుంటున్నాడు గదా అని ఊరుకోవద్దు. తిన్న కాయనో కొమ్మనో వెంట పట్టుకుని వెంటనే రండి. అది చూస్తే వైద్యం ఆలస్యం కాదు.

ఐదేళ్ళలోపు పిల్లలకు నేరేడు గింజ తీసే పెట్టండి. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పెద్ద పిల్లలు ఒకటి రెండు గింజలు మింగినా విరేచనంలో పోతాయి.

"నేరేడు తింటే కడుపులోని వెంట్రుకలు కరిగిపోతాయి" అని పెద్దలు అంటుంటారు. వెంట్రుకను ఏ పండూ కరిగించలేదు. అన్నంలో వచ్చిన ఒకటి రెండు వెంట్రుకలు వాటంతటవే బయటికి పోతాయి. కాని కొందరు పిల్లలకు జుట్టు పీకి తినే అలవాటు ఉంటుంది. అది కడుపులో ఉండలా చేరితే ఆపరేషన్ చేయవలసి వస్తుంది. అటువంటి పిల్లలను నేరేడు చెట్టు దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకురావాలి.

ఎలా వాడుకోవాలి?

పండ్లు తెచ్చిన రోజు, మరునాడు తినేయడం మంచిది. పరగడుపున తింటే కొందరికి కడుపులో మంట వస్తుంది. భోజనానికీ భోజనానికీ మధ్య తినండి. షర్బత్ కావాలంటే అరకిలో పండ్లను గ్లాసు నీటిలో చేత్తో పిసికి, గింజలు తీసి, వడగట్టి, నిమ్మరసం పిండుకుంటే సరిపోతుంది.

రక్తహీనతకు ఐరన్ బిళ్ళలు వాడే గర్భిణీ స్త్రీలు వాటిని టీతో గాని, నేరేడు పండ్లతో గాని కలిపి వేసుకోవద్దు. టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రెండు గంటల తేడా ఉంచండి.

ఎక్కువగా తింటే విరేచనం రంగు మారవచ్చు. కాని తారులాగా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే అది కడుపులో రక్తస్రావం కావచ్చు. పండు మీదికి నెట్టేయకుండా వెంటనే చూపించుకోండి.

ఇక షుగరు సంగతి

షుగరు ఉన్నవారు నేరేడు తినవచ్చునా? నిక్షేపంగా తినవచ్చు. రోజుకు ఒక గుప్పెడు, రసంగా కాకుండా పండుగానే తినండి. పంచదార కలపవద్దు. అన్నం మామూలుగా తిని, పైన కిలో నేరేడు తింటే మాత్రం షుగరు పెరుగుతుంది.

గింజల పొడి మాటేమిటి? జంతువుల మీద జరిపిన కొన్ని పరిశోధనలలో గింజల పొడి రక్తంలో చక్కెరను తగ్గించింది. మనుషుల మీద జరిగినవి చిన్న పరీక్షలే. బ్రెజిల్ దేశంలో నేరేడు ఆకుల కషాయం మనుషులకు ఇచ్చి చూసిన పరీక్షలో చక్కెర తగ్గలేదని 2000లో ప్రచురించారు. బిళ్ళల స్థానంలో, ఇన్సులిన్ స్థానంలో ఈ పొడి పనిచేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు.

మందు మానేసిన రోజున ఏమీ తెలియదు. ఒళ్ళు తేలికగానే ఉంటుంది. లోపల మాత్రం పెరిగిన చక్కెర కళ్ళను, మూత్రపిండాలను, కాళ్ళ నరాలను నెమ్మదిగా దెబ్బతీస్తుంది. అరికాలి పుండు మానడం లేదని వచ్చేసరికి చాలా ఆలస్యమవుతుంది. ఇక ఇన్సులిన్ మీదనే ఆధారపడిన పిల్లలకు, యువకులకు అది మానితే కొద్ది రోజులలోనే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

మరొక ప్రమాదం కూడా ఉంది. మూలికల పేరుతో అమ్మిన కొన్ని షుగరు పొడులలో ఇంగ్లీషు మందులే రహస్యంగా కలిపినట్లు వేర్వేరు దేశాల పరీక్షలలో బయటపడింది. బిళ్ళతోపాటు అటువంటి పొడి తీసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తీవ్రమైన ఆకలి, కళ్ళు తిరగడం దీని గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకురండి.

మీరు ఇప్పటికే పొడి వాడుతూ ఉంటే దాచకుండా మాతో చెప్పండి, కోప్పడము. రక్తపరీక్ష, మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుంటే నిజం తేలిపోతుంది. మందు తగ్గించవలసిన స్థితి ఉంటే డాక్టరే తగ్గిస్తారు.

నేరేడు దేవుడు మన ఊరి గట్టు మీద ఉచితంగా పెట్టిన ఆహారము. దానిని ఆహారంగా కృతజ్ఞతతో తిందాము. మందు పనిని మందును చేయనిద్దాము. ఈ వర్షాకాలంలో మీ ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉండాలని ప్రార్థిస్తున్నాము.