పరపతి చీటీ చూసుకున్నారా?

ఇబ్రహీంపట్నంలో మా అక్కయ్యావాళ్ళ ఇల్లు రింగు సెంటరుకు నాలుగడుగుల దూరం. బావగారికి థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. జీతం ఠంచనుగా బ్యాంకులో పడుతుంది. ఆయన సిగరెట్టు కాల్చరు, పేక ముట్టరు, కిరాణా కొట్లో ఖాతా పెట్టరు. అటువంటి మనిషికి క్రిందటేడు ఒక బ్యాంకువారు క్రెడిట్ కార్డు ఇవ్వడం కుదరదని చెప్పేశారు!

పిల్లవాడి చదువుకు కంప్యూటరు కొనాలి, కార్డుంటే వాయిదాల మీద వస్తుందని ఆయన ఆలోచన. ఆ పైన ఇంటి అప్పుకు కూడా పోదామని ఉంది. బ్యాంకు కాదనేసరికి పౌరుషం వచ్చి, నెల తిరక్కుండా మరో మూడు బ్యాంకులకు దరఖాస్తులు పెట్టారు. ఆ మూడూ తిరిగివచ్చాయి.

"నా మొహాన ఏమన్నా రాసి ఉందటోయ్?" అని నన్ను నిలదీశారు.

రాసే ఉందని తరువాత తేలింది.

కార్డు మన కృష్ణా జిల్లావాళ్ళకు కొత్త సరుకు కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఆ దారి తొక్కిన మొదటి బ్యాంకుల్లో అదొకటి. (2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మీద ఆ పేరు కనిపించకపోవడం నాబోటివాడికి ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది.) అంతకు ముందు తరాల్లో పరపతి అంటే నలుగురి నోటిమాట. ఫలానావారి అబ్బాయి అంటే షావుకారు పద్దు రాసుకునేవాడు. ఇప్పుడు ఆ పద్దు వేరే చోట ఉంటోంది.

ఆ చోట్లు నాలుగు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే కంపెనీలు, 2005 నాటి చట్టం ప్రకారం, రిజర్వు బ్యాంకు అనుమతితో ఈ పని చేస్తున్నాయి. మనం ఎక్కడ అప్పు తీసుకున్నా, వాయిదా సకాలంలో కట్టినా కట్టకపోయినా, ఆ కబురు అక్కడికి చేరుతుంది. బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పూ, పంట రుణమూ, ఫోనులో మీట నొక్కి తీసుకున్న అయిదు వేల చిల్లర అప్పూ అన్నీ చేరతాయి. వాటిని బట్టి మనిషికి 300 నుంచి 900 లోపు మార్కులు వేస్తారు. 750 దాటితే బ్యాంకులవారు సాధారణంగా సుముఖంగా ఉంటారు. అయితే ఇన్ని మార్కులు వస్తే కార్డు ఇచ్చి తీరాలని గాని, రాకపోతే ఇవ్వకూడదని గాని రూలేమీ లేదు. ఏ బ్యాంకు లెక్క ఆ బ్యాంకుదే.

బావగారి విషయంలో తమాషా ఏమిటంటే, ఆయన ఈ చీటీని దరఖాస్తు పెట్టక ముందు చూసుకోలేదు. చూసుకుంటే మార్కులు తగ్గుతాయని ఎవరో చెప్పారట. ఇది చాలామందికి ఉన్న భ్రమ. మన చీటీ మనం ఎన్నిసార్లు చూసుకున్నా ఒక్క మార్కు కూడా పోదు. మనం కార్డు అడిగినప్పుడు బ్యాంకు చూస్తుంది చూడండి, అది మాత్రం విచారణగా నమోదవుతుంది. నెలలో నాలుగు బ్యాంకులు విచారించాయంటే, "ఈ ఆసామీకి డబ్బు అవసరం ముంచుకొచ్చినట్టుంది" అని అయిదో బ్యాంకు అనుకుంటుంది. మూడు తిరస్కారాల కోసం ఆయన తన చేతులతో తానే మార్కులు పోగొట్టుకున్నారన్నమాట.

ఏడాదికొకసారి పూర్తి చీటీని ఈ నాలుగు కంపెనీలూ ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఈ ఏర్పాటు ఉంది. పాన్ నంబరు, ఫోను నంబరు ఉంటే ఆ కంపెనీల సైట్లలోనే తెప్పించుకోవచ్చు. డబ్బు పుచ్చుకుని మార్కులు పెంచి పెడతామనే మధ్యవర్తుల జోలికి పోనక్కరలేదు.

అక్కయ్యా, నేనూ కూర్చుని తెప్పించాం. బావగారి పేరన ఉన్న అప్పులన్నీ శుభ్రంగా ఉన్నాయి. చివర ఒక్కటి మాత్రం ఆయనది కాదు. ఎనిమిదేళ్ళ క్రితం స్నేహితుడొకడు మోటారు సైకిలు కొంటే ఈయన హామీ సంతకం పెట్టారు. ఆ పెద్దమనిషి చివరి వాయిదాలు ఎగ్గొట్టాడు. బండి అమ్ముకున్నాడు, ఆ సంగతే మరచిపోయాడు. చీటీ మాత్రం మరచిపోలేదు.

"సంతకమేగా పెట్టాను, డబ్బు నేను తీసుకున్నానా?" అన్నారు బావగారు.

"సంతకం పెట్టిన రోజున నాతో ఒక్క మాటన్నా అన్నారా?" అంది అక్కయ్య. ఆ సంభాషణ తక్కిన భాగం పత్రికలో అచ్చు వేసేది కాదు.

అప్పిచ్చిన కంపెనీ వారు సగం కడితే రాజీ చేసుకుంటామన్నారు. బావగారు సరేననబోయారు. అక్కయ్య ఆపి, "చీటీలో ఏమని రాస్తారు?" అని అడిగింది. అదే అసలు ప్రశ్న. పూర్తిగా కడితే "క్లోజ్డ్" అని రాస్తారు. తగ్గించి కడితే "సెటిల్డ్" అని రాస్తారు. చూడడానికి రెండూ మర్యాదైన మాటలే గాని, రెండోది బ్యాంకువారి కంటికి మచ్చ. స్నేహితుడి చేత కొంత కక్కించి, మిగిలింది తాము వేసుకుని, బాకీ లేదన్న పత్రం రాయించుకున్నారు. చీటీలో దిద్దుబాటుకు ఫిర్యాదు పెట్టాక 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ పైన రోజుకు రూ. 100 చొప్పున మనకే పరిహారం ఇవ్వాలి. ఈయనకు అంత దూరం పోలేదు.

చీటీ బాగున్నంత మాత్రాన అయిపోదు. జీతం 60,000 అనుకోండి, వాయిదాలకే 30,000 పోతుంటే, మిగిలిన దానితో ఇల్లెట్లా నడుపుతారని బ్యాంకు ఆలోచిస్తుంది. వయసు, జీతం కాగితం లేదా ఆదాయపు పన్ను రిటర్ను, చిరునామా ఆ బ్యాంకు నిబంధనకు సరిపోతాయో లేదో ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఖాతా ఉన్న బ్యాంకునే మొదట అడగడం మేలు. కాదంటే ముఖ్య కారణమేమిటో రాతపూర్వకంగా చెప్పాలని 2022లో రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. మొదటి బ్యాంకునే ఆ కారణం అడిగి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఇక అక్కయ్య చీటీ తెప్పిస్తే అసలు మార్కులే లేవు! పుట్టి బుద్ధెరిగి ఎవరి దగ్గరా దమ్మిడీ అప్పు చేయలేదు గనుక చరిత్ర లేదట. అప్పు చేయకపోవడం గొప్పనుకున్న మనిషికి ఇది చివుక్కుమనిపించింది. అటువంటివారికీ దారి ఉంది. ఫిక్సెడ్ డిపాజిట్ చూపిస్తే దాని పూచీ మీద కొన్ని బ్యాంకులు చిన్న కార్డు ఇస్తాయి. అక్కయ్య తన పాతిక వేల డిపాజిట్ మీద ఒకటి పుచ్చుకుంది. కరెంటు బిల్లుకు మాత్రమే వాడుతుంది, గడువు లోపల మొత్తం కట్టేస్తుంది. బాకీ ఉంచితే చాలా కార్డుల మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ఊళ్ళో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అడిగితే మనం ఆ గుమ్మం తొక్కుతామా?

బావగారు ఇంకా దరఖాస్తు పెట్టలేదు. పాత విచారణలు కాస్త వెనకబడేదాకా ఆగుదామన్నారు. కంప్యూటరు చీటీపాట డబ్బుతో వచ్చింది. మొన్న ఆదివారం ఆ మోటారు సైకిలు స్నేహితుడు ఇంటికి వచ్చి, కూతురి చదువు అప్పుకు హామీ కావాలని కూర్చున్నాడట. కాఫీ ఇచ్చి పంపానని అక్కయ్య ఫోను చేసి చెప్పింది.