అంతర్జాతీయ విద్యయందు స్త్రీలు

సంధివిగ్రహములు పురుషుల పనియనియు, స్త్రీలకు వానితో నిమిత్తము లేదనియు మనలో ననేకులు తలంతురు. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరునపుడు ద్రౌపది తన యభిప్రాయమును నిర్భయముగా జెప్పిన సంగతి వారు మఱచిరి కాబోలు. యుద్ధము వచ్చినచో బిడ్డను పోగొట్టుకొనునది తల్లి. ధరలు పెరిగినచో వంటయింట నగచాట్లు పడునది యిల్లాలు. కావున దేశములు మైత్రి చేయుటకును కలహించుటకును గల కారణములను విచారించు శాస్త్రము మనకు పరాయిది కాదు.

ఈ శాస్త్రమునకు అంతర్జాతీయ సంబంధములని పేరు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1919లో, వేల్సు దేశమందలి ఎబరిస్ట్విత్ కళాశాలలో దీనికి మొట్టమొదటి యాచార్యపీఠ మేర్పడెను. మన దేశమున 1955లో ఢిల్లీయందు దీనికై ప్రత్యేక విద్యాలయము వెలసి, 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున గలిసెను.

ఇందు డాక్టరు పట్టము పొందుట యనగా గ్రంథములను వల్లెవేయుట కాదు. తానొక ప్రశ్నను నిర్ణయించుకొని, సంధిపత్రములను, రాయబారుల లేఖలను, ప్రభుత్వపు దస్తావేజులను శోధించి, అవసరమైన పరభాషను నేర్చి, సమాధానమును గ్రంథముగా వ్రాసి, పరీక్షకుల యెదుట నిలిచి సమర్థించుకొనవలయును.

ఇట్టి దీక్షకు మెర్జ్ టేట్ చరిత్రము చక్కని నిదర్శనము. ఆమె 1905లో అమెరికాయందలి మిషిగన్ రాష్ట్రమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. ఉపాధ్యాయకళాశాలలో నుత్తీర్ణురాలైనను, వర్ణభేదముచే స్వరాష్ట్రమున ఉన్నతపాఠశాలలో నుద్యోగము దొరకలేదు. ఇండియానాపొలిస్ నగరమునకు బోయి చరిత్ర బోధించుచునే కొలంబియా విశ్వవిద్యాలయపు ఎం.ఏ. పట్టమును, పిదప 1935లో ఆక్స్‌ఫర్డున బి.లిట్. పట్టమును పొందెను. ఆ కాలమున హార్వర్డు విశ్వవిద్యాలయము ఈ శాస్త్రమున స్త్రీలకు తన పేర పట్టముల నీయకుండెను. అందుచే దాని యనుబంధమగు రాడ్‌క్లిఫ్ కళాశాల ద్వారా 1941లో, ముప్పదియాఱేండ్ల వయసున, ఆమె డాక్టరయ్యెను. ఆయుధములను తగ్గింపవలెనని 1907వఱకు జరిగిన ప్రయత్నము లేల విఫలములయ్యెనను విషయమున ఆమె వ్రాసిన గ్రంథము మఱుసటి యేట, మహాయుద్ధము సాగుచుండగా, అచ్చయ్యెను. అటుపిమ్మట 1977వఱకు హోవర్డు విశ్వవిద్యాలయమున బోధించెను. 1950-51లో మన శాంతినికేతనమునకు వచ్చి విశ్వభారతియందును పాఠములు చెప్పెను.

ముప్పది దాటినది, పిల్లలు కలిగిరి, ఇక చదువేమి యని నిట్టూర్చు సోదరీమణులకు మేమొక్క మాట మనవి చేయుదుము. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము డాక్టరు పట్టమునకు గరిష్ఠకాలము ఆఱేండ్లు; స్త్రీలకు అదనపు గడువు కలదు; ప్రసూతికిని శిశుపోషణకును 240 దినములవఱకు సెలవు కలదు. చట్టము చూపిన యీ యోర్పును అత్తమామలును, భర్తలును చూపినచో నెందఱో విదుషీమణులు వెలువడుదురు.

అంతదూరము పోలేనివారు సయితము, మగవారు చదివి మడిచిన వార్తాపత్రికను విప్పి, నేడు సంధి చేసికొన్న రాజ్యములెవ్వి, దానివలన మన బియ్యమునకును నూనెకును నేమగునని తమ కుమార్తెలతో ముచ్చటింపవచ్చును. ఏ బాలిక యెట్టి ప్రశ్నతో లేచునో యెవరెఱుగుదురు?