పళ్ల తాంబాళంలో ముళ్లపంది

మే నెలలో చెన్నై ఇంటికి చుట్టాలు దిగితే పళ్లకు వెతుక్కోనక్కర్లేదు. కొత్వాల్ చావడి ఇరుకు తీరడానికని 1996లో తెరిచిన కోయంబేడు బజారుకు మామిడి, పణ్రుట్టి పనస, తిండివనం పుచ్చ లారీల మీద వస్తూనే ఉంటాయి. అన్నీ ముక్కలు కోసి గిన్నెలో పోస్తే పిల్లలు మామిడి ముక్కలు ఏరుకుని పరుగెత్తుతారు. తాంబాళంలో మామిడిపండుతో చేసిన ఒక ముళ్లపంది కూర్చుంటే మాత్రం ముందు దాని చుట్టూ చేరతారు, తర్వాత పక్కనున్న బొప్పాయి కూడా తింటారు.

ముళ్లపందికి బంగినపల్లే ఎందుకు?

కండ గట్టిగా ఉంటుంది, పీచుండదు. చాకు గీసిన చోట గీత నిలుస్తుంది. చిన్నరసం, పెద్దరసం పిసికి జుర్రుకోవలసిన పళ్లు. వాటి మీద గళ్లు గీస్తే తాంబాళం నిండా రసమే.

తొడిమ దగ్గర నొక్కితే కొద్దిగా లొంగే పండు చాలు, మరీ మెత్తబడింది వద్దు. కడిగి ఓ అరగంట ఫ్రిజ్‌లో పెడితే కండ బిగుస్తుంది. టెంకకు రెండు వైపులా చెక్కలు కోయండి. ఒక చెక్కను అరచేతిలో కాదు, పలక మీద పెట్టి, వేలెడు ఎడంతో నిలువుగా, అడ్డంగా గీయండి. చాకు తోలును తాకగానే ఆగాలి. బంగినపల్లి తోలు పలచన, తొందరపడితే చిల్లు పడుతుంది. మొన వైపు రెండు వేళ్ల మేర గీయకుండా వదిలెయ్యండి, అది ముఖం. ఇప్పుడు తోలు వైపు నుంచి బొటనవేళ్లతో పైకి నెట్టండి. చదునుగా ఉన్న కోత వైపు ఉబ్బుతుంది. ఉబ్బిన పైవైపు చోటు పెరుగుతుంది, ముక్కలు పెరగలేవు కనక వాటి మధ్య సందులు విచ్చుకుంటాయి. ముళ్లు లేచినట్టే. రెండు దానిమ్మ గింజలు కళ్లు, నల్లద్రాక్ష సగం ముక్క ముక్కు. కళ్లకు మిరియాలు పెట్టేవాళ్లున్నారు. కొరికిన పిల్లవాడు మళ్లీ తాంబాళం దగ్గరికి రాడు.

చుట్టూ ఏం సర్దాలి?

పనసతొనలు, అరటి చక్రాలు ఉంటే మామిడితో కలిసి తమిళులు ‘ముక్కని’ అనే మూడు పళ్ల జట్టు పూర్తవుతుంది. పక్కింటి పాటి (తమిళ బామ్మ) కూడా మెచ్చుకుంటుంది. మిగతాది మీ ఇష్టం.

అరటి, ఆపిల్ రంగు మారుతాయెందుకు?

కోసినప్పుడు కణాలు చిట్లి, లోపలి ఎంజైము గాలిలోని ఆక్సిజన్ సాయంతో పాలీఫినాల్ అనే పదార్థాలను గోధుమరంగులోకి మారుస్తుంది. నిమ్మరసంలోని పులుపు ఆ ఎంజైము జోరు తగ్గిస్తుంది, సి విటమిన్ మారబోయే రంగును వెనక్కి లాగుతుంది. కప్పు నీళ్లలో చెంచా నిమ్మరసం కలిపి ముక్కలు ముంచి తీస్తే చాలు. పుచ్చకు, కమలాకు ఈ బాధ లేదు. అందుకే వాటిని ముందు కోసుకుని, అరటిని చివర్న కోయాలి.

అనాస విడిగా ఉండాలా?

పాలతో చేసిన కస్టర్డ్ పక్కనుంటే విడిగానే ఉండాలి. పచ్చి అనాసలో బ్రొమెలైన్ ఉంటుంది, అది ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది. నాలుక చురచురలాడేదీ, పాలు చేదెక్కేదీ దానివల్లే. జెలటిన్ కూడా ప్రోటీనే కాబట్టి అనాసతో గడ్డకట్టదు. కడల్‌పాసి సముద్రపు నాచు నుంచి వచ్చే పిండిపదార్థం, దాన్ని బ్రొమెలైన్ ఏమీ చేయలేదు. జెల్లీ ముచ్చట ఉంటే దాన్నే వాడండి. డబ్బా అనాసతో చిక్కులేదు, వేడికి ఎంజైము చచ్చిపోతుంది.

ఉప్పూకారం ముందే చల్లొచ్చా?

వద్దు. ఉప్పు ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. పావుగంటలో పుచ్చ నీరుకారి ముళ్లపంది మడుగులో నిలబడుతుంది. చిన్న గిన్నెలో పక్కన పెట్టండి, జామ తినేవాళ్లు అద్దుకుంటారు.

ఎంతసేపు బయట ఉండొచ్చు?

మామూలుగా రెండు గంటలు. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉంచకూడదంటారు ఆహార భద్రత నిపుణులు. మే నెల చెన్నైలో మనకు వర్తించేది రెండోదే. కాబట్టి సగం తాంబాళంలో, సగం ఫ్రిజ్‌లో. పళ్లను కోయకముందే కడగండి, లేకపోతే తోలు మీది మురికిని చాకే లోపలికి తీసుకెళ్తుంది.

ఐదేళ్ల లోపు పిల్లలుంటే?

టూత్‌పిక్‌లు గుచ్చొద్దు. గుండ్రటి ద్రాక్ష గొంతుకు అడ్డం పడుతుంది, నిలువునా నాలుగు బద్దలు చెయ్యండి. ముంజలు కూడా వాళ్లకు ముక్కలు చేసే ఇవ్వండి. నున్నగా జారే ముంజ, నమలకముందే గొంతులోకి దిగుతుంది.