ముందు నోరు విప్పించే ఆటలు

ఇంగ్లీషు పీరియడులో సారు ప్రశ్న అడగ్గానే మేమంతా తలలు దించుకుంటాం. ప్రతిసారీ జవాబు రాకనే కాదు, తప్పు మాట్లాడితే పక్క బెంచీవాళ్లు నవ్వుతారని. ఈ బెరుకు పోగొట్టడానికి క్లాసు మొదట్లో ఆడించే చిన్న చిన్న ఆటలను ఐస్ బ్రేకర్లు అంటారు. గడ్డకట్టిన సముద్రంలో మంచును పగలగొట్టుకుంటూ దారి చేసే ఓడకు కూడా ఇదే పేరు.

అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ 1982లో వెలువడిన తన పుస్తకంలో ఈ సంగతిని వివరించారు. భయం, బిడియం ఎక్కువగా ఉంటే మధ్యలో అడ్డుతెర కట్టినట్టే, విన్న భాష మనసుకు ఎక్కదని ఆయన వాదన.

మా స్టడీ అవర్‌లో ట్యూటర్ సారు ఆడించిన వాటిలో మాకు బాగా నచ్చింది 'ఫైండ్ సమ్‌వన్ హూ'. ఈత వచ్చినవాడు, ఎడ్లబండి తోలగలవాడు, సైకిలు రిపేరు చేయగలవాడు... ఇలా ఒక కాగితం మీద పది వాక్యాలు ఇంగ్లీషులో రాసిస్తారు. కాగితం ఎవరికీ చూపకూడదు. లేచి తిరుగుతూ 'కెన్ యూ స్విమ్?' అని ఒక్కొక్కరినీ అడగాలి. 'ఎస్, ఐ కెన్' అన్నవాడి పేరు ఆ వాక్యం ఎదుట రాసుకోవాలి. ఒకరి పేరు ఒక్కసారే రాయాలి కాబట్టి పదిమందితో మాట్లాడక తప్పదు. అలా అడిగి అడిగి 'కెన్ యూ' బట్టీ పట్టకుండానే నోటికి వచ్చేస్తుంది. పైగా ఇది సారుకు ముందే జవాబు తెలిసిన ప్రశ్న కాదు, అడిగేవాడికి నిజంగానే తెలియదు. కిటుకంతా అక్కడే ఉంది.

'టూ ట్రూత్స్ అండ్ ఎ లై'లో మన గురించి రెండు నిజాలు, ఒక అబద్ధం చెబితే మిగతావాళ్లు అబద్ధాన్ని పట్టుకోవాలి. ఆరో తరగతి తమ్ముళ్లకైతే ముందు బోర్డు మీద నమూనా వాక్యాలు రాయాలి, లేకపోతే ఆట తెలుగులోకి దిగిపోతుంది!

ఆట మధ్యలో తప్పులు దిద్దకూడదు. అయ్యాక, ఎవరి పేరూ చెప్పకుండా బోర్డు మీద దిద్దితే చాలు. ఇంకో జాగ్రత్త మేము దెబ్బ తిన్నాకే తెలుసుకున్నాం. మొదటిరోజు ప్రశ్నల్లో 'ఈజ్ యువర్ ఫాదర్ ఎ ఫార్మర్?' అనేది ఉంది. తండ్రి లేని తమ్ముడొకడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆట అయ్యేదాకా గోడకానుకుని నిలబడ్డాడు. హాస్టల్లో ఇంటి సంగతులు అడిగే ప్రశ్నలు పెట్టకూడదని అప్పుడు అర్థమైంది. తర్వాతి వారం నుంచి ప్రశ్నలు మమ్మల్నే రాయమన్నారు సారు. ఆ తమ్ముడు రాసింది: 'కెన్ యూ క్లైమ్ ఎ కోకొనట్ ట్రీ?' అందరినీ అడిగి చూశాడు. కొబ్బరిచెట్టు ఎక్కడం మాలో వాడొక్కడికే వచ్చు.