గ్రిజ్లీ ఎలుగును కాల్చుట ఎప్పుడు న్యాయము?

అడవిదారిని ఒక మనుష్యుడు నడచిపోవుచున్నాడు. దారి మలుపు తిరిగినంతనే, ముప్పది గజముల దూరమున, రెండు పిల్లలతో ఒక తల్లి ఎలుగు నిలిచియున్నది. అది తల యెత్తి చూచినది. మరుక్షణముననే అతనివైపు ఉరికినది. అతని చేతిలో తుపాకి కలదు. కాని ఆ జంతువును చంపరాదని చట్టము శాసించుచున్నది. అతడేమి చేయవలెను? చేసిన పిదప న్యాయస్థానము అతనిని ఏమని ప్రశ్నించును?

ఉత్తర అమెరికాలోని రాకీ పర్వతప్రాంతములలో ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. అచ్చటి వేటగాండ్రు, గొర్రెల కాపరులు, విహారయాత్రికులు దీనిని నిజముగనే ఎదుర్కొనుచుందురు. ఒక జంతువు వేటను మాన్పించుట ఒక యెత్తు. అదే జంతువు మీదికి వచ్చినప్పుడు ప్రాణము దక్కించుకొనుట మరియొక యెత్తు. ఈ రెంటి నడుమ చట్టము గీచిన గీత ఎచ్చటనున్నదో మేము ఈ వ్యాసమున వివరింపదలచినాము.

ముందుగా ఆ జంతువును గూర్చి రెండు మాటలు. గ్రిజ్లీ అనునది గోధుమవన్నె ఎలుగుజాతిలోని ఒక శాఖ. వెంట్రుకల కొనలు నెరసినట్లుండుటచే దానికా పేరు వచ్చినది. భుజములపై మూపురమువలె కండ పెరిగియుండును. 1815లో శాస్త్రజ్ఞులు దీనికి లాటిను భాషలో ‘భయంకరము’ అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. చూచుటకు మందకొడిగా కనబడినను, అవసరమైనచో గంటకు 35 మైళ్ల వేగముతో పరుగెత్తగలదు; మనుష్యుడెవ్వడును దానిని మించి పరుగెత్తజాలడు. అయినను మనుష్యుని వెదకి వేటాడుట దాని స్వభావము కాదు. దుంపలు, గడ్డి, అడవిపండ్లు, పురుగులు, చచ్చిన జింకల కళేబరములు, చేపలు దాని ఆహారము. హఠాత్తుగా దగ్గరపడినప్పుడు, పిల్లలు వెంటనున్నప్పుడు, ఆహారమును కాచుకొనియున్నప్పుడు మాత్రము అది మిక్కిలి ప్రమాదకారి.

ఇట్టి జంతువునకు రక్షణ యేల కావలసివచ్చినది? 1800 ప్రాంతమున, నేటి అమెరికా సంయుక్తరాష్ట్రములలో అలాస్కాను మినహాయించిన పడమటి భాగమున, సుమారు 50,000 గ్రిజ్లీలు ఉండెనని అంచనా. పశువులను మేపువారు విస్తరించిన కొలదిని తుపాకి, బోను, విషము వీనిని తుదముట్టించుచు వచ్చినవి. 1975 నాటికి మిగిలినవి వేయికి లోపు. కాలిఫోర్నియా రాష్ట్రపు జెండాపై గ్రిజ్లీ బొమ్మ నేటికిని కలదు. ఆ రాష్ట్రపు అడవులలో మాత్రము 1920వ దశకము తరువాత ఆ జంతువు కానరాలేదు.

నశించినంత వేగముగా ఇది వృద్ధిపొందదు. ఆడ ఎలుగు మొదటిసారి ఈనుటకు అయిదారేండ్లు పట్టును. ఒక ఈతకు సామాన్యముగా రెండు పిల్లలు. మరల ఈనుటకు మూడేండ్లు. కావున ఒక్క తల్లి ఎలుగు చచ్చినచో ఆ లోటు తీరుటకు చాలకాలము కావలయును. తొందరపడి పేల్చిన ఒక్క తూటా విలువ ఇందువలన ఊహింపవచ్చును.

1973లో అమెరికా ప్రభుత్వము అంతరించుచున్న జీవజాతుల చట్టమును చేసెను. 1975లో ఆ చట్టము క్రింద గ్రిజ్లీకి రక్షణ లభించెను. ఎల్లోస్టోన్ ప్రాంతపు ఎలుగులు తగినంత పెరిగినవని ప్రభుత్వము 2007లో ఒకసారి, 2017లో ఒకసారి ఈ రక్షణను తొలగించినను, న్యాయస్థానములు 2009లోను 2018లోను దానిని పునరుద్ధరించినవి. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రము 2006లో గ్రిజ్లీవేటను నిలిపివేసెను. బ్రిటిష్ కొలంబియా 2017 డిసెంబరులో వినోదపు వేటను మాన్పించెను. ఎలుగులు సమృద్ధిగానున్న అలాస్కాలో మాత్రము అనుమతిపత్రముతో వేట సాగుచున్నది.

ఇక అసలు విషయము. 1975లో రక్షణతోపాటు చేసిన నియమములలోనే ఒక మినహాయింపు కలదు. తన ప్రాణమును గాని ఇతరుల ప్రాణమును గాని కాపాడుకొనుటకై గ్రిజ్లీని చంపినచో అది నేరము కాదు. అయితే అయిదు దినములలోగా ఆ సంగతిని అధికారులకు తెలియజేయవలెను. మూలచట్టము కూడ, తనకో తనవారికో మరియొకరికో శరీరహాని కలుగునని నిజముగా నమ్మి చేసిన పనికి శిక్ష లేదని చెప్పుచున్నది. తెలిసి తెలిసి చట్టమును అతిక్రమించినవానికి మాత్రము 50,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు కారాగారము విధింపవచ్చును.

‘నిజముగా నమ్మి’ అను మాటలోనే చిక్కంతయు నున్నది. ఎలుగు కనబడుట వేరు, మీదికి వచ్చుట వేరు. వెనుక కాళ్లపై లేచి నిలుచుట సాధారణముగా దాడికి గుర్తు కాదు. వాసన పట్టుటకు, పరికించి చూచుటకు అది అట్లు చేయును. ఉరికివచ్చినను, అనేక పర్యాయములు కొన్ని గజముల దూరమున ఆగి వెనుదిరుగును. అది బెదిరింపే గాని దాడి కాదు. ఆ క్షణమున రెంటికిని భేదము తెలిసికొనుట ఎంత కఠినమో చెప్పనక్కరలేదు. అందుచేతనే చట్టము మనుష్యునినుండి సర్వజ్ఞత్వమును కోరదు. నిజాయితీని మాత్రమే కోరును. అయితే ఆ నిజాయితీని నోటిమాటతో కాక జాడలతో పరీక్షింతురు. ఎంత దూరమునుండి కాల్చెను? తూటా ముందునుండి తగిలెనా, వెనుకనుండి తగిలెనా? ఎలుగు వచ్చుచుండెనా, పోవుచుండెనా? వెంటనే తెలియజేసెనా, పాతిపెట్టి ఊరకుండెనా? దూరముగా మేయుచున్న ఎలుగును, పారిపోవుచున్న ఎలుగును కాల్చి ‘భయపడితిని’ అన్నచో ఆ జవాబు నిలువదు.

ప్రాణము మాట అట్లుండగా, ఆస్తి మాట యేమి? ఇచ్చట చట్టము మరింత కఠినముగా నున్నది. 1982లో మోంటానా రాష్ట్రమున, గ్లేసియర్ జాతీయవనమునకు ప్రక్కన, బ్లాక్‌ఫీట్ ఆదివాసుల భూమిని కౌలుకు తీసికొని ఒకడు గొర్రెలు మేపుచుండెను. జూలై ఆరంభమునుండి ఎలుగులు మందపై పడజొచ్చినవి. కాపరి మంటలు వేసెను. తుపాకితో శబ్దము చేసెను. వానిని పట్టుటకు ఉచ్చులు పన్నిన ప్రయత్నములు విఫలమైనవి. జూలై 9 నాటికి దాదాపు 20 గొర్రెలు పోయినవి. ఆ రాత్రి రెండు ఎలుగులు అడవినుండి వెలువడెను. యజమాని వానిలో ఒకదానిని కాల్చి చంపెను. ప్రభుత్వము అతనికి జరిమానా విధించెను. అది తుదకు 2,500 డాలర్లుగా నిలిచెను.

అతడు న్యాయస్థానమున వాదించినది సులభముగా కొట్టివేయదగినది కాదు. తన ఆస్తిని కాపాడుకొను హక్కు పౌరునికి పుట్టుకతో వచ్చినది కాదా? ప్రజలందరి సంతోషముకొరకు ఎలుగును రక్షింపదలచినచో, దాని మేతకు ఒక్క గొర్రెలవాని మందయే ఏల బలికావలెను? 1988లో అప్పీలు న్యాయస్థానము ఈ వాదమును అంగీకరింపలేదు. వన్యమృగము ప్రభుత్వపు సొత్తు కాదు. కావున అది చేసిన నష్టమును ప్రభుత్వము చేసినదిగా నెంచరాదు. రక్షితమృగమును ఆస్తికొరకు చంపు హక్కును రాజ్యాంగము ప్రత్యేకముగా గుర్తింపలేదు. ఇదియే తీర్పు సారాంశము. 1989లో సుప్రీంకోర్టు ఈ వ్యాజ్యమును విచారణకు గ్రహింపనప్పుడు, న్యాయమూర్తి బైరన్ వైట్ మాత్రము ఇది వినదగిన ప్రశ్నయేనని తన భిన్నాభిప్రాయమును వ్రాసిపెట్టెను.

మా అభిప్రాయమున గీత ఉన్నచోటనే ఉండుట మంచిది. కాని ఆ గీత బరువంతయు ఒక్కనిపై మోపుట మంచిది కాదు. గొర్రెకు వెలకట్టవచ్చును, మనుష్యప్రాణమునకు కట్టలేము, ఒక జాతి యంతరించినచో దానికిని కట్టలేము. కనుక వెలకట్టదగిన నష్టమును సమాజమే పంచుకొనవలెను. కాలక్రమమున మోంటానాలో ఎలుగులవలన పోయిన పశువులకు పరిహార మిచ్చు ఏర్పాటు కలిగినది. ఈ పరిహారము సకాలమున అందిననాడు తుపాకి గోడకే వ్రేలాడును; అందనినాడు కాపరి మనసులో చట్టముపై గౌరవము నిలువదు.

ఆస్తికొరకు పౌరుడు చంపరాదన్నచో ఎవ్వరును చంపరాదని యర్థము కాదు. మనుష్యులకు ప్రమాదకరమని తేలిన ఎలుగును, పశువులను పంటలను తేనెపెట్టెలను పాడుచేయు ఎలుగును తొలగించు అధికారము ప్రభుత్వోద్యోగులకు కలదు. అయితే, ప్రాణముతో పట్టి దూరపు అడవిలో విడుచుట సాధ్యము కానప్పుడు మాత్రమే చంపవలెనని నియమము.

ప్రాణరక్షణకును ముందుజాగ్రత్తకును నడుమ గీత మసకబారు సందర్భములును కలవు. 2011 మే నెలలో ఐడహో రాష్ట్రపు ఉత్తరపు కొసన, ఒక గృహస్థుని ఇంటి ఆవరణలోనికి మూడు గ్రిజ్లీలు వచ్చెను. పిల్లలు బయట ఆడుకొనుచున్నారని తలచిన ఆ తండ్రి ఒకదానిని కాల్చెను. ఆ సంగతిని తానే అధికారులకు తెలిపెను. ప్రభుత్వము మొదట అతనిపై నేరము మోపెను. ఊరివారందరు అతని పక్షమున నిలిచిరి. తుదకు నేరారోపణను ఉపసంహరించుకొని, 1,000 డాలర్ల రుసుముతో వ్యవహారమును ముగించిరి. చట్టగ్రంథమున స్పష్టముగానున్న మాట ఇంటిముంగిట ఎంత అస్పష్టమగునో దీనివలన తెలియుచున్నది.

ఈ విషయమున అలాస్కా నియమములు మనకు మంచి దారి చూపుచున్నవి. వేట సాగుచున్న రాష్ట్రమైనను, ఆత్మరక్షణ పేరుతో చంపువానికి అది కట్టుబాట్లు విధించినది. ఎలుగును రెచ్చగొట్టి ఆపద తెచ్చుకొన్నవానికి, ఆహారమును చెత్తను ఆరుబయట వదలి దానిని రప్పించినవానికి ఈ రక్షణ లేదు. సాధ్యమైన ఇతర ఉపాయము లన్నియు చేసి చూచియుండవలెను. చంపిన పిదప గోళ్లతో కూడ చర్మమును, పుర్రెను ప్రభుత్వమునకు అప్పగించి, 15 దినములలో వ్రాతపూర్వకమైన నివేదిక ఇయ్యవలెను. ప్రాణముకొరకు చంపినవానికి ప్రాణము దక్కుటయే లాభము. చర్మము లాభము కారాదు.

ఇతర ఉపాయములలో నేడు ప్రసిద్ధమైనది మిరపఘాటు ద్రవమును చిమ్ము డబ్బా. దీనినే బేర్ స్ప్రే అందురు. 1985 నుండి 2006 వరకు అలాస్కాలో దీనిని వాడిన 83 సంఘటనలను పరిశోధకులు పరిశీలించి 2008లో ప్రకటించిరి. గోధుమ ఎలుగుల విషయమున నూటికి 92 సార్లు ఇది వాని దుడుకును ఆపినది. అదే పరిశోధకులు తుపాకులను గూర్చి 269 సంఘటనలు పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితము మరింత ఆలోచింపదగినది. తుపాకి వెంటనున్నవారిలో, దానిని పేల్చినవారికిని పేల్చనివారికిని తుదిఫలితమున చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఉరికివచ్చు మృగముపై గురి కుదురుట ఎంత యరుదో ఇది తెలుపుచున్నది. గాయపడిన ఎలుగు గాయపడని ఎలుగుకన్న ప్రమాదకరమని వేరే చెప్పనేల?

ఈ న్యాయము మనకు క్రొత్తది కాదు. మన దేశపు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పదునొకండవ విభాగమున ఇదే సూత్రము కలదు. తన్నుగాని ఇతరులనుగాని కాపాడుకొనుటకై సద్బుద్ధితో వన్యమృగమును చంపుట నేరము కాదు. కాని ఆ సమయమున తానే చట్టవిరుద్ధమైన పనిలోనున్నవానికి ఈ రక్షణ చెల్లదు. చచ్చిన మృగము ప్రభుత్వపు సొత్తగును. శ్రీకాకుళం జిల్లా ఉద్దానపు జీడితోటలలో ఎలుగుబంటి భయమును ఎరిగినవారికి ఈ నియమముల బరువు మేము చెప్పనక్కరలేదు.

మన శ్రోతల కుటుంబములలో పలువురి బిడ్డలు నేడు అమెరికాలో నున్నారు. సెలవులలో ఎల్లోస్టోన్ వంటి వనములను చూడబోవుచున్నారు. వారికి వ్రాయు ఉత్తరములలో ఈ నాలుగు మాటలు చేర్చుడు. ఎల్లోస్టోన్ నియమము ప్రకారము ఎలుగునకు నూరు గజములకన్న దగ్గరగా పోరాదు. ఆహారమును గుడారములో నుంచుకొనరాదు. ఒంటరిగా కాక గుంపుగా, మాటల సవ్వడి చేయుచు నడువవలెను. ఎలుగు ఎదురైనచో పరుగెత్తక, దానినే చూచుచు మెల్లగా వెనుకకు జరుగవలెను.

మొదట చెప్పిన బాటసారికి ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. వేరు మార్గము లేక, ఎలుగు నిజముగా మీదికి వచ్చినప్పుడు అతడు కాల్చినచో చట్టము అతనిని తప్పుపట్టదు. కాని న్యాయస్థానము అడుగు మొదటి ప్రశ్న ఆ తూటాను గూర్చి కాదు, దానికి ముందు గడచిన సమయమును గూర్చి: నీవు చప్పుడు చేయుచు నడచితివా? వేరు సాధనము వెంట తెచ్చుకొంటివా? వెనుకకు జరిగి చూచితివా? ఈ ప్రశ్నలకు తలవంచక జవాబు చెప్పగలవాని తుపాకియే న్యాయమైన తుపాకి. ఈ జాగ్రత్తలన్నియు పాటించువానికి దానిని పేల్చు అవసరము మిక్కిలి అరుదుగా కలుగును.